దాటడానికి చెప్పిన లెక్క

పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. లెక్కలు మాత్రం ఆగలేదు. భవానీపురంలో మెయిన్ రోడ్డు మీదున్న ఒక టైల్స్ షాపులో పనిచేస్తాను. గది కొలతలు చెబితే ఎన్ని పెట్టెలు పడతాయో, మూలల్లో కోతకి ఎన్ని పలకలు పోతాయో కాగితం లేకుండా చెబుతాను. ఎవరూ రానప్పుడు గుమ్మంలో కూర్చుని రోడ్డు మీద ఏది కనబడితే అది లెక్కపెట్టడం ఇరవై ఏళ్ల అలవాటు.

షాపు ముందు రోడ్డు వన్‌వే. ఎదురుగా జీబ్రా గీతలున్నాయి. బాగా అరిగిపోయాయి, అక్కడున్నాయని తెలిసినవాళ్లకే కనబడతాయి. ఒక మధ్యాహ్నం, గీతల దగ్గర మనుషులు నిలబడి ఉండగా వచ్చిన బళ్లు వంద దాకా లెక్కపెట్టాను. ఆగినవి నాలుగు. అందులో ఒకటి ఫోను మాట్లాడటానికి ఆగింది. మిగతావన్నీ మనిషిని చూసి హారన్ కొట్టి ఇంకాస్త వేగం పెంచాయి. ఆదివారాలు చల్లపల్లిలో మా అక్క ఇంటికి స్కూటర్ మీద వెళ్లేటప్పుడు నేనూ అదే చేస్తాను. ఆ సంగతి ఆ రోజు నాకు గుర్తు రాలేదు.

అక్కడ రోజూ దాటేవాళ్లలో చేపలమ్మే ఆవిడ ఒకరు. యాభై అయిదు దాటి ఉంటాయి. కృష్ణలో వలేసే కుటుంబం. ఇల్లు కరకట్ట కింద. పొద్దున్నే తలమీద బేసిన్‌తో వచ్చి అవతలి కాలనీల్లో తిరిగేది. ఆవిడ దాటే పద్ధతి వేరు. తల తిప్పితే బేసిన్ జారుతుంది కాబట్టి మనిషి మొత్తం బళ్ల వైపు తిరిగి నిలబడేది. ఒక చేత్తో బేసిన్ పట్టుకుని, రెండో చెయ్యి చాచి, ముందొచ్చే డ్రైవర్ మొహంలోకి చూస్తూ పీతలా పక్కకి అడుగులేసేది. వాళ్లు తిట్టేవాళ్లు. తిడుతూనే ఆగేవాళ్లు.

"నడిరోడ్డు మీద ఊరేగింపా?" అని ఒకసారి ఒక ఆటో అతను అరిచాడు.

"అవును, నీ పెళ్లిదే. విందుకి చేపలు పట్టుకెళ్తన్నా, కాసేపు ఆగు," అంది.

నాకా పద్ధతి చూస్తే భయం. వందకి నాలుగు బళ్లు ఆగే చోట, అన్నీ ఆగుతాయని నమ్మి ఎన్నాళ్లు నడుస్తుంది? అందుకని వారం రోజులు కొలిచాను. బళ్లు వచ్చే వైపు కాస్త దూరంలో ఉన్న సిగ్నల్లో ఎర్రదీపం పడ్డాక, అప్పటికే దాటేసిన ఆఖరి బండి మా షాపు ముందు నుంచి పోతుంది. ఆ తర్వాత ఇరవై రెండు లెక్కపెట్టేంతసేపు రోడ్డు ఖాళీ. నా నడకకి పధ్నాలుగు చాలు. బరువుంది కాబట్టి ఆవిడకి పద్దెనిమిది వేసుకున్నాను. ఇంకా నాలుగు మిగిలాయి.

"అక్కా, ఆఖరి బండి పోగానే ఒకటి నుంచి మొదలెట్టి నేరుగా నడువు. ఎవరికీ చెయ్యి చూపించక్కర్లేదు, ఎవరి చేతా మాట పడక్కర్లేదు," అన్నాను.

"ఇరవై దాకా నాకు వచ్చులే తమ్ముడూ. ఆ పైన అడిగితేనే కష్టం," అంది.

మూడు నెలలు అలాగే దాటింది. ముందుకి చూస్తూ, పెదాలు కదుపుతూ, ఎవరినీ ఆపకుండా. నాకు గర్వంగా ఉండేది.

కొలిచిన వారం రోజులూ నేను ఒక పని చేశాను, దాన్ని మాత్రం లెక్కలో వేయలేదు. దాటుతున్నంతసేపూ తల అటూ ఇటూ తిప్పి చూశాను. సిగ్నల్‌కీ మా షాపుకీ మధ్య ఒక సందు ఉంది. అందులోంచి తిరిగే బళ్లకి ఎర్రదీపంతో పని లేదు. ఎప్పుడో ఒకటి వచ్చేది, నేను ఒక అడుగు ఆగేవాణ్ణి. తలమీద బరువున్న మనిషికి అలా తల తిప్పి చూసే వీలుండదని, అందుకే ఒళ్లంతా తిప్పి నిలబడేదని నాకు తట్టలేదు.

ఒకరోజు పదిగంటలప్పుడు ఆ సందులోంచి ఒక మోటార్‌సైకిల్ తిరిగింది. హారన్, ఆ వెంటనే చప్పుడు. నేను పరిగెత్తేసరికి ఆవిడ రోడ్డు మీద పడి ఉంది. చేపలు అవతలి అంచు దాకా చెల్లాచెదురయ్యాయి. బండాయన నా వయసువాడే. హ్యాండిల్‌కి తగిలించిన క్యారేజీ ఇంకా ఊగుతోంది.

"ఆవిడే చూడకుండా వచ్చేసిందండీ. ఒక్కసారి కూడా ఇటు తిరగలేదండీ," అంటున్నాడు.

జనం మూగారు. ఒకరు చొక్కా పట్టుకున్నారు, ఇంకొకరు చెంప మీద కొట్టారు. నేను కూడా, "ఎర్రదీపం పడ్డాక ఎలా వచ్చావయ్యా?" అన్నాను. ఆ దీపం అతనికి కాదని ఆ గుంపులో నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు. అతను మనిషిని చూసి కూడా బ్రేక్ వేయకుండా హారన్ కొట్టాడు, నిజమే. కానీ అతను చెప్పింది కూడా నిజమే. చూడక్కర్లేదని ఆవిడకి నేర్పింది నేను.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతుంది గాని బరువు మోయలేదు. రెండుసార్లు బత్తాయిలు పట్టుకుని వెళ్లాను. సందు సంగతి మాత్రం చెప్పలేదు. ఊరికే కూర్చుని వచ్చేశాను.

నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున ఆవిడ కోడలు తలమీద బేసిన్‌తో గీతల దగ్గర నిలబడింది. ఆఖరి బండి పోగానే ఆ అమ్మాయి పెదాలు కదిలాయి. ఉన్నపళాన వెళ్లి అడ్డం నిలబడ్డాను.

"అత్తయ్య చెప్పింది బాబాయ్‌గారూ," అంది బిత్తరపోయి. "మీ లెక్క తప్పదంట. ఆ రోజు తప్పంతా ఆ బండాయనదేనంట."

ఆ మధ్యాహ్నమే కరకట్ట కిందికి వెళ్లాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చిరిగిన వల కుడుతోంది. సందు సంగతి, నేను తల తిప్పి చూసిన సంగతి, మొత్తం చెప్పాను. చెయ్యి ఆపకుండా వింది.

"నా సంగతి సరేలే. నువ్వు చెప్పావు, నేను విన్నాను," అంది. "ఆ మనిషిని కొడతా ఉంటే నువ్వక్కడే ఉన్నావు గదా తమ్ముడూ."

"ఉన్నానక్కా."

"మరి అప్పుడు చెప్పలేదే?"

ఆవిడ వల అంచు వెతుక్కుని మళ్లీ కుట్టుకోవడంలో పడింది.

కోడలు ఇప్పుడు ఏమీ లెక్కపెట్టదు, అత్తగారిలా చెయ్యి చాచే దాటుతుంది. నేను మాత్రం పది అయ్యేసరికి గుమ్మంలోకి వస్తాను. సందులోంచి బండి తిరిగినప్పుడల్లా ఆ రోజు దెబ్బలు తిన్న బండాయనేమోనని మొహం చూస్తాను. అతను దారి మార్చుకున్నట్టున్నాడు.