మా ఆవిడకు నచ్చిన రైతు

కాగితం మీది మనిషితో పోటీపడి ఓడిపోయినవాణ్ణి నేను. అరవై దాటాక అసూయ పడటమే తెలివితక్కువ. ఊపిరి లేనివాడి మీద పడటం ఇంకా తెలివితక్కువ. అయినా పడ్డాను, ఎరువు వేసి మరీ పెంచాను.

మా వీధిలో టీచరమ్మ అద్దంకి నుంచి ఒక చిన్న నవల తెచ్చి మా ఆవిడకు ఇచ్చింది. అందులో ఒక మిరప రైతు. భార్య పోయింది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. కోతలప్పుడు ఆవిడ బతికుండగా కోసిన సాలు మాత్రం కూలీలకు వదలకుండా తనే కోసుకుంటాడు. కథంతా దాదాపు అంతే. మా ఆవిడ రెండుసార్లు చదివింది.

"ఆయన ఒక్కసారైనా విసుక్కోడండీ," అంది అన్నం వడ్డిస్తూ.

ఇంట్లో 'ఆయన' అంటే ఇన్నాళ్లూ నేనొక్కణ్ణే.

"పెళ్లాం పోయాక ఎవరి మీద విసుక్కుంటాడు?"

"ఇదిగో, ఈ నోరే. మీలాగే ఆయనా పండించేది మిరపకాయలే. మాటలో మాత్రం ఆ ఘాటుండదు."

తప్పులు పట్టుకుందామని, ఆవిడ మధ్యాహ్నం కునుకు తీస్తుండగా పుస్తకం తెరిచాను. సగానికొచ్చేసరికి తప్పులు వెతకడం మరిచిపోయాను. ఆ సాలు మొదట్లో అతను కోయకుండా కాసేపు ఊరికే నిలబడతాడు. నేనైతే అలా నిలబడగలనా అనుకున్నాను. లేనని తెలిసి ఇంకా మండింది.

ఇంకో పది పేజీలకు దొరికిపోయాడు. కల్లంలో ఆరబోసిన కాయను మిట్టమధ్యాహ్నం బస్తాలకెత్తి తొక్కుతున్నాడు. ఎండపూట కాయ పెళుసుగా ఉంటుంది, కాలు పడితే ముక్కలే. మేమైతే పొద్దున్నే, మంచుకు కాయ మెత్తబడ్డప్పుడు తొక్కుతాం.

వెళ్లి మా ఆవిడను లేపాను.

"మీ ఆయన నిర్వాకం చూడు. ఎండలో తొక్కుతున్నాడు."

రైతుబిడ్డ, తప్పేమిటో చెప్పక్కర్లేదు. కళ్లు తెరవకుండానే అంది, "భార్య పోయిన మనిషికి పొద్దేం తెలుస్తుందండీ."

అదే పని నేను చేసి ఉంటే నా కళ్లెక్కడ పెట్టుకున్నానని అడిగేది.

పుస్తకం తిరిగి ఇచ్చేరోజు, ఆ పేజీ అంచున పెన్సిల్‌తో రాశాను: "అబ్బాయ్, నీ బాధ నాకూ అర్థమైంది. కానీ పంటంతా పొడి చేశావు." వీధిలో ఇంకా నలుగురు ఆడవాళ్లు ఆ పుస్తకం కోసం చూస్తున్నారు కనుక, అక్షరాలు కాస్త ఒత్తి రాశాను.