అందరూ ఎక్కాకే ఎక్కే మనిషి

కండక్టర్ మామ పోయాడని నాకు చెప్పింది టైలర్ ఆపా, సందు మొదట్లో బట్టలు కుట్టే అక్క. పొద్దున్నే మా గేటు దగ్గర నిలబడి, లోపలికి కూడా రాకుండా, "కండక్టర్ సాబ్ పోయినాడమ్మా. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడంట, అంతే" అంది. చేతిలో చీపురు అలాగే పట్టుకుని ఇంట్లోకి వచ్చాను. బల్ల మీద ఆ నెల పుస్తకం కనబడింది. ఆ సాయంత్రం దాన్ని ఆయనకు చేర్చాలి. ఈ నెలది ఆయన చూడనే లేదు కదా అనుకున్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.

పుస్తకం అంటే మాసపత్రికే. ఊర్లు, గుళ్ళు, కోటలు, జాతరలు, ఎక్కడెక్కడి తిండ్లు, వాటి ఫోటోలు. కర్నూలు పాత ఊర్లో మా సందులోని ఆరిళ్ళవాళ్ళం దాన్ని చదువుతాం. చందా కట్టి తెప్పించేది ఆయన ఒక్కడే. పోస్టులో రాగానే కవరు చింపి, లోపలికి తొంగి కూడా చూడకుండా మొదటి ఇంటికి పంపేసేవాడు. ఇంటికి మూడు రోజులు. ఆయన భాషలో అవి ఇళ్ళు కావు, స్టేజీలు. మొదటి స్టేజి టైలర్ ఆపా ఇల్లు, ఐదో స్టేజి మాది. ఆ తర్వాత డిపో, అంటే ఆయన వరండా. తెప్పించుకున్న మనిషి పదిహేను రోజులు ఆగి చివర చదవడమేమిటని కొత్తల్లో ఒకసారి అడిగాను.

"కండక్టరు అందరూ ఎక్కినాంక ఎక్కాలమ్మా. ముందే ఎక్కి కూసుంటే వాడు ప్యాసింజరు" అన్నాడు.

ముప్పై ఏళ్ళు బస్సుల్లో కండక్టరుగా చేశాడు. చాలా కాలం కర్నూలు-కడప రూటే. ఆయన చదవడం మీరు చూసి ఉండాల్సింది. ముందు చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకునేవాడు. ఎంత ఎండాకాలమైనా బనియను మీద చొక్కా వేసుకునేవాడు. "ఊరికి పోతాండాం కదా, బనియన్లతో పోతామా?" అనేవాడు. అత్తకు, అంటే ఆయన భార్యకు, చదువు రాదు. ఆమె పక్కన కూర్చుని బియ్యం ఏరుతుంటే పైకి చదివి వినిపించేవాడు. పేజీ తిప్పేముందు "ఎక్కినావా?" అని అడగాలి, ఆమె "ఎక్కినాలే, పోనీ" అనాలి. ఆమె పరధ్యానంగా ఉందని అనుమానం వస్తే మళ్ళీ పేజీ మొదటికొచ్చేవాడు.

ఫోటోల మీద ఆయనకు వేరే అభిప్రాయాలు ఉండేవి. మహానంది కోనేరు ఫోటో వచ్చిన నెల చాలాసేపు చూసి, "వీడు తెల్లారకముందే పోయినాడు. ఎండెక్కినాంక పోయింటే నీళ్ళు యాడ కనపడతాయి, తలకాయలే" అన్నాడు.

నేను పదో తరగతితో ఆపేసిన మనిషిని. పుస్తకాలంటే బడివే తెలుసు. ఈ సందుకు కోడలిగా వచ్చిన మొదటి నెలే ఆయన మా గుమ్మంలో దీన్ని పెట్టి, "మూడు దినాలు నీది" అని వెళ్ళిపోయాడు. మొదటి రోజు ఫోటోలు చూసేదాన్ని. రెండో రోజు చదివేదాన్ని. మూడో రోజు ఇచ్చేయాలి కదా అని మళ్ళీ మొదటినుంచి చదివేదాన్ని. ఆ మూడు రోజుల్లో మా ఇంట్లో పప్పు మాడకుండా ఉన్న నెల తక్కువ. మే నెలలో మిద్దె కాగిపోతుంటే, కొళాయి నీళ్ళు రెండు రోజులకోసారి వస్తుంటే, ఎక్కడో ఆగకుండా వాన పడే ఊరి గురించి చదువుతూ కూర్చోవడం ఎంత హాయో చెప్పలేను. "వానకు తడిసినావా, జలుబు చేస్తాది" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. ఈ రోజు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది ఆ మూడేసి రోజుల చలవే.

ఒకసారి పుస్తకంలో ఒంటిమిట్ట గుడి వచ్చింది. మామ చదివి నెత్తి కొట్టుకున్నాడు. "ఇన్నేండ్లు కడప దాకా పోయి ఎనక్కొచ్చినా. ఇంకో అరగంట పోయింటే చూసేటోణ్ణి." వచ్చిన ఆదివారమే ఆరిళ్ళనుంచి పదకొండు మందిమి బస్సెక్కాం. సీట్లు ఖాళీగానే ఉన్నాయి, ఆయన మాత్రం కూర్చోలేదు. "నేను కూసుంటే ఎవరో దిగిపోయినట్టుంటాదమ్మా" అని కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నంద్యాలలో మమ్మల్ని ఒకసారి లెక్కపెట్టాడు, మైదుకూరులో మరోసారి. గుడిలో పుస్తకం తెరిచి పట్టుకుని స్తంభం స్తంభానికీ సరిచూశాడు. "ఇదుగో, దీన్ని రాసినాడు. పక్కదాన్ని రాయలేదు పాపం. రాయనిదాన్ని గూడా చూడాల" అంటూ ఆ రెండో స్తంభాన్ని చేత్తో తడిమాడు. తిరుగు బస్సులో కొందరు కిటికీలోంచి టువ్వాలలు విసిరి సీట్లు పట్టుకుంటుంటే ఆయన ఊరుకోలేకపోయాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయనకు అదొక్కటే పడేది కాదట. టువ్వాలలన్నీ ఏరి, "టువ్వాలకు మోకాళ్ళు నొప్పంటనా? మనుషులు రాండప్పా, కూసోండి" అని ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టాడు. ఆ బస్సు కండక్టరు కుర్రాడు నవ్వుతూ చూస్తుండిపోయాడు.

ఇక నా తప్పు చెప్పాలి.

మాది కోసిగి పక్క పల్లె. మూడెకరాల మెట్ట. వాన పడితే సేద్యం, లేకపోతే మూటలు కట్టుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోవడం. మా అమ్మ దాదాపు ప్రతి ఏడూ పోయేది. ఈ సందుకు వచ్చినప్పుడు మీవాళ్ళు ఏం చేస్తారని అడిగితే "సేద్యం" అని ఊరుకున్నాను. మిగతా సగం ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్ళ కిందట ఒక నెల పుస్తకంలో మిరప కోతల గురించి వచ్చింది. పేజీ నిండా ఎర్రటి కళ్ళం, దాని పక్కన వరుసగా ఆడవాళ్ళు. వరుస చివర, తలకు గుడ్డ చుట్టుకుని, ఎడమ చెయ్యి నడుం మీద పెట్టుకుని, మా అమ్మ. కింద 'కూలీలు' అని మాత్రం రాశారు. అమ్మ పుస్తకంలో పడిందని గర్వం, ఎవరైనా పోల్చుకుంటారేమోనని సిగ్గు, రెండూ ఒక్కసారే వచ్చాయి. అమ్మది అలాంటి రంగుల ఫోటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. మూడో రోజు స్కేలు పెట్టి ఆ పేజీ చింపుకున్నాను. బీరువాలో చీరల అడుగున దాచి, పుస్తకం డిపోకు చేర్చి వచ్చేశాను. నా తర్వాత చదివేది ఆయన ఒక్కడే. పేజీ పోయిందని తెలిస్తే, అది పోయింది నా ఇంట్లోనే అని కూడా తెలుస్తుంది.

పది రోజులు ఆ వరండా వైపు వెళ్ళలేదు. ఇక నాకు పుస్తకం రాదనుకున్నాను. మర్నెల మా వంతు రోజున ఎప్పటిలాగే వచ్చింది. ఆయన ఒక్క మాట అడగలేదు. ఆ ఎండాకాలం ఒక సాయంత్రం మాత్రం, నేను అత్త పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే, ఎవరితోనో అన్నట్టు అన్నాడు.

"నేను ఒక ఏడాది గుంటూరు రూటు గూడా చేసినా. మిరపకాయ కోసి వచ్చేటోళ్ళు ఎక్కేవాళ్ళు. వేళ్ళు మండుతాయని చేతులు కిటికీలోంచి బయట పెట్టుకునేవాళ్ళు, గాలికి. ముందు నీళ్ళిచ్చి, ఆమైన టికెట్టు అడిగేటోణ్ణి. శానా కష్టం చేసేవాళ్ళమ్మా."

విషయసూచికలో చూసి ఏ పేజీ పోయిందో తెలుసుకుని ఉంటాడు. ఎందుకు పోయిందో ఎంతవరకు పోల్చాడో నాకు తెలీదు. మా అమ్మ అని అప్పుడే చెప్పి ఉండొచ్చు. చిక్కుడు ఈనెలు తీస్తూ తల దించుకున్నాను. ఇప్పుడు కాకపోతే ఇంకో రోజు చెబుదాంలే అనుకుంటూనే ఆరేళ్ళు గడిపేశాను.

పెద్దకర్మ అయ్యాక అత్త నన్ను పిలిపించింది. టైలర్ ఆపా కూడా అక్కడే ఉంది. పాత పుస్తకాలన్నీ ఏడాదికొక కట్టగా తాడు కట్టి ఉన్నాయి. "నాకు అక్షరాలు రావు. చదివేదానివి, నువ్వే తీసుకో" అంది అత్త. కట్టలు విప్పుతుంటే ఒక పుస్తకం మధ్యలో ఉబ్బెత్తుగా ఉంది. తెరిచాను. నాలుగు మడతలు పెట్టిన, ఇస్త్రీ చేసిన తెల్ల చేతి రుమాలు. నేను చింపిన చోటే.

"దాన్ని తీయొద్దు" అంది అత్త. "ఉతుకుదామని ఒకపారి తీస్తే నా మీద గరమైనాడు. 'ఆ పేజీ దిగి యాడికో పోయిండాది. మళ్ళా ఎక్కుతాది. దాని సీటు ఉండనీ' అన్నాడు. ఏం పేజీనో ఏమో."

నేను ఇంటికి పరిగెత్తాను. చీరల అడుగునుంచి ఆ పేజీ తెచ్చి, రుమాలు తీసి, ఆ చోట పెట్టాను. చింపిన అంచుకు అంచు సరిపోయింది.

"అత్తా, ఇది చింపింది నేనే. ఈ చివర నిలబడింది మా అమ్మ" అన్నాను. సందులో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆపా కళ్ళద్దాలు తెచ్చుకుని చూసింది. "నీ మాదిరే నిలబడింది గదమ్మా, చెయ్యి నడుం మీద పెట్టుకోని. మా ఇంట్లో మూడు రోజులుండె ఈ పుస్తకం, నాకు తెలకపాయె."

అత్త చాలాసేపు చూసింది. "అంత దూరం పోయేదా మీయమ్మ? ఈ తూరి వచ్చినప్పుడు మా ఇంటికి పిల్చుకోని రా" అంది. ఆయన బతికి ఉండగా చెప్పి ఉంటే ఈ మాట ఆయనే అనేవాడు.

ఆయన చూడని ఆ నెల పుస్తకం ఇంకా మా ఇంట్లోనే బల్ల మీద ఉంది. వెళ్ళి తెచ్చాను. ఐదో స్టేజి నుంచి అది డిపోకు చేరాలి. వరండాలోకి తీసుకెళ్ళి ఆయన కుర్చీలో పెట్టాను. రుమాలు ఇంకా నా చేతిలోనే ఉంది. పాత మడతల మీదే మడిచి పుస్తకం మీద వేశాను. సాయంత్రం దాకా పలకరించడానికి చాలామంది వచ్చారు. ఆ కుర్చీని వదిలి అందరూ అరుగు మీదే కూర్చున్నారు.