మిల్లు గల్లీలో గారెలు తిన్న నక్క

1949 వేసవి చివర నన్ను మిర్యాలగూడ పశువైద్యశాలకు వెటర్నరీ అసిస్టెంటుగా వేశారు. నాపైన సూర్యాపేటలో ఇన్‌స్పెక్టరు, ఆయనపైన నల్లగొండలో జిల్లా అధికారి. నా కింద యాదగిరి అనే కాంపౌండరు, ఒక జవాను, తాళం ఉన్న ఒక విషాల బీరువా. జనం ఈ హోదాలేవీ పట్టించుకోలేదు. నన్ను సలోత్రి అనేవారు, నేను కూర్చునే చోటును గొడ్ల దవాఖాన అనేవారు. సలోత్రి అంటే గుర్రాల వైద్యుడు. ఊళ్లో ఉన్న గుర్రాలు జట్కా బండ్లవి మాత్రమే, అవీ నన్ను చూస్తే తన్నేవి. అయినా కొత్త ఉద్యోగం, కుర్ర వయసు. ఎద్దు కడుపు ఉబ్బితే గుచ్చి గాలి తీసిన రోజు కూడా నాకు పండగలాగే ఉండేది.

వానలు మొదలయ్యాక తహసీలు కచేరీ నుంచి తాఖీదు వచ్చింది. మిల్లు గల్లీలో నక్కలు తెల్లారాక కూడా ఇళ్ల మధ్య తిరుగుతున్నాయి, కోళ్లను, మేకపిల్లలను ఎత్తుకుపోతున్నాయి, విషం పెట్టి వాటిని ఖతం చేయవలసింది అని. విషం పెట్టడానికి ఒక పద్ధతి ఉంది. స్ట్రిక్నిన్ పొట్లం నా సంతకం మీదే బీరువాలోంచి బయటికి రావాలి. మాంసం ముక్కల్లో కూరి సాయంత్రం పెట్టి, తెల్లవారగానే మిగిలినవి ఏరి పూడ్చాలి. అంతకుముందు కుక్కలను కట్టేసుకోవాలని దండోరా వేయించాలి. దాన్ని తిన్న జంతువు ఎలా చస్తుందో చదువుకునే రోజుల్లో ఒకసారి చూశాను. రెండోసారి చూడాలని నాకు లేదు.

దండోరా వేసిన మర్నాడు పొద్దున్నే కురుమ లింగవ్వ నా మీదికి వచ్చింది. వచ్చింది అంటే చిన్న మాట, దండెత్తింది. ఆమెది గల్లీ చివర గొర్రెల దొడ్డి. మొగుడు పోయాక ఆ మందే ఆమెకు బతుకు. ఆ మందకు కాపలా ఒక నల్ల కుక్క, ఒక చెవి తెగినది. దాని పేరు పటేలు. ఊరంతా తన మాటే వినాలన్నట్టు మొరుగుతుందని ఆ పేరు పెట్టిందట. అసలు పటేలుకు ఈ సంగతి తెలుసు, పాపం, ఏమీ చేయలేకపోయాడు.

“సారూ, పటేలును కట్టేస్తే గొర్ల కాడ ఎవలు మొరగాలె? నువ్వొచ్చి మొరుగుతవా?” అంది.

ఆమె అన్నది నిజమే. గుట్ట మీద తోడేళ్లున్నాయి, కుక్కను కడితే గొర్రెలు పోతాయి. విడిచిపెడితే అది గల్లీ అంతా తిరుగుతుంది, ముక్క కనిపిస్తే మింగుతుంది. “గది సస్తే నేను సచ్చినట్టే. గంతే,” అని కొంగుతో ముఖం తుడుచుకుంది. పటేలు మాత్రం అక్కడే కూర్చుని నా చెప్పు నాకుతోంది. అదే నన్ను పడగొట్టింది.

తహసీల్దారు దగ్గరికి వెళ్లి గడువు అడిగాను. ఆయన తుండుగుడ్డతో మెడ తుడుచుకుంటూ ఆలోచించాడు. “శుక్రవారం దాకా ఆగుత డాక్టర్ సాబ్. గప్పటికి నక్క ఇండ్లల్లకు రాకుంట జేస్తే సరే. లేకుంటే మందు పెట్టాలె. నీతోని కాదంటె సూర్యాపేట నుంచి ఇంకొకర్ని పిలిపిస్త,” అన్నాడు. అలాగేనన్నాను. ఎలా చేస్తానో నాకు తెలియదు.

నక్క సహజంగా సిగ్గరి. మనిషి అలికిడి వింటే పొదలోకి జారుకుంటుంది. అది తెల్లారాక గల్లీలో నడుస్తోందంటే దానికి అక్కడ తిండి ఖాయమై ఉండాలి. ఏం తింటోందో తెలుసుకోవడానికి దాని పెంటను చూడడం మా వృత్తిలో మామూలు పని, ముక్కు మూసుకోవడం కూడా అందులో భాగమే. నక్క రాయి మీదో దిబ్బ మీదో పెంట వేస్తుంది. మిల్లు వెనక ఊక కుప్ప పక్కన దొరికింది. పుల్లతో విప్పి చూశాను. ఎలుక వెంట్రుకలు, ఈత గింజలు, పీత చిప్పలు ఉండాలి. వాటికి బదులు మినప్పొట్టు, జీలకర్ర, అరగని మిరియాలు ఉన్నాయి.

యాదగిరి వంగి చూసి, నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. “సార్, మిర్యాలగూడల నక్క గూడ మిరియాలు లేంది ముద్ద ముట్టదు!” అన్నాడు. ఆ పుల్లతోనే వాణ్ణి తరిమాను. కానీ నాకూ నవ్వు ఆగలేదు.

జొన్నరొట్టె, గటక తినే ఆ గల్లీలో మామూలు రోజుల్లో గారెలు వండే ఇల్లు ఒక్కటే, బియ్యం మిల్లు కోటయ్యది. మిల్లును ఆనుకుని ఉన్న, మాంసం పేరెత్తని ఇల్లు అది. బర్రెను చూసే నెపంతో వెళ్లాను. కోటయ్య తల్లి సుబ్బమ్మ గారిది కోదాడ, మాటలో ఆంధ్ర తీరు ఉండేది. “రండి డాక్టరు గారూ. గేదెకేం జబ్బు లేదు గానీ గారెలు తింటారా?” అంది. నేను వచ్చింది గారెల సంగతికేనని చెప్పాను.

ఆమె దాచలేదు సరికదా, మురిసిపోతూ చెప్పింది. మిల్లు నూనె ఇంజను మొట్టమొదట తిప్పిన తెల్లవారుజామున కోటయ్యకు నక్క ఎదురైందట. ఎప్పుడూ మొరాయించే ఇంజను ఆ రోజు ఒక్క తిప్పుకే అందుకుందట. అప్పటినుంచి నక్క ముఖం చూడనిదే ఆయన ఇంజను తిప్పనివ్వడు. నక్క రావడం ఆలస్యమైతే మిల్లూ ఆలస్యం, హమాలీలు అరుగు మీద కూర్చుని నక్క కోసం చూస్తారు. ఎందుకొచ్చిన తంటా అని సుబ్బమ్మ గారు పెరటి గోడ పక్కన నేతిలో ముంచిన గారెలు పెట్టడం మొదలుపెట్టింది. నక్క టంచనుగా రావడం మొదలుపెట్టింది. దారిలో కనిపించిన కోడిపిల్లను కూడా నోట కరుచుకుని పోతోందన్న సంగతి ఆమె లెక్కలోకి రాలేదు.

“అమ్మా, అదృష్టమంటే పిలవకుండా రావాలి. గారె కోసం వచ్చేది మీ మిల్లు కూలీతో సమానం,” అన్నాను, గొప్ప తర్కం చెప్పానని.

“దేవుడికి నైవేద్యం పెట్టి పిలుస్తాం కదండీ. ఆయనా కూలీయేనా?” అంది.

ప్లేటులో ఉన్న గారెలు తిన్నాను. నిజం చెప్పాలంటే ఆ నక్కను తప్పుపట్టలేకపోయాను.

ఆమె మానదు కాబట్టి మిగతా గల్లీని సిద్ధం చేయడానికి పూనుకున్నాను. పొద్దు గుంకక ముందే కోళ్లను గంప కింద మూసి పైన రాయి పెట్టాలి, మేకపిల్లలు ఇంట్లో పడుకోవాలి, చేపల పొట్టలు, మాంసం ఎముకలు గల్లీలో పారేయకుండా పూడ్చాలి అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. నక్క ఎదురైతే పరుగెత్తవద్దు. దానివైపు తిరిగి నిలబడి, చేతులెత్తి పెద్దగా కనిపించి, డబ్బా మోగించాలి. అది కనుమరుగయ్యేదాకా ఆపకూడదు. పారిపోవడానికి దానికి ఎప్పుడూ ఒక దారి వదలాలి, ఎందుకంటే మూలకు చిక్కిన నక్క కరుస్తుంది. బుధవారం పొద్దున యాదగిరీ నేనూ గల్లీ మధ్యలో నిలబడి, చేతులెత్తి కిరసనాయిలు డబ్బాలు కొట్టి చూపిస్తున్నాం. గల్లీ అంతా పొట్ట చేత పట్టుకుని నవ్వుతోంది. అప్పుడే పరిస్థితి కళ్లారా చూద్దామని తహసీల్దారు వచ్చాడు.

అంతలో కోటయ్య పెరట్లోంచి కేక వినబడింది. సుబ్బమ్మ గారు ఆ రోజు బావి దగ్గర ఆలస్యం చేసింది. గోడ పక్కన గారెలు లేకపోయేసరికి నక్క వాసన పట్టుకుని నేరుగా వంటింట్లోకి వెళ్లింది. తడిబట్టతో ఆమె వచ్చేసరికి గారెల గిన్నెలో తల పెట్టి ఉంది. మేం పరుగెత్తుకెళ్లేలోగా గల్లీ మొత్తం వంటింటి తలుపుకు అడ్డంగా నిలబడింది. లోపల నక్క రోలు వెనక నక్కి పళ్లు చూపిస్తోంది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అది ఎవరినైనా కరిస్తే? దానికి పిచ్చి ఉందో లేదో ఎవరికి తెలుసు!

“దర్వాజా ఇడిసి పక్కకు జరుగుండ్రి!” అని అరిచాను. ఒక్కరూ కదల్లేదు. నక్కను అంత దగ్గరగా మళ్లీ చూస్తామా అని అందరి ఆశ. అప్పుడు లింగవ్వ కర్ర అడ్డం పెట్టి, “హర్ర్‌ర్, నడువుండ్రి!” అంటూ గొర్రెల్ని తోలినట్టు జనాన్ని తోసేసింది. అందరూ జరిగారు. అలా తోలించుకోవడం అలవాటు లేని తహసీల్దారు ఒక్కడే గుమ్మంలో మిగిలాడు. నక్కకు దారి కనబడింది. ఆయన కాళ్ల మధ్యనుంచి దూసుకుపోయింది. ఆయన వెనక్కి తూలి ఊక కుప్పలో కూలబడ్డాడు.

“సాబ్ నక్క తోక తొక్కిండు! ఇగ ప్రమోషనే!” అని ఎవరో అరిచారు. గల్లీ గొల్లుమంది. ఊకలో కూర్చున్నవాడే ముందు మీసం మెలేశాడు, తర్వాత ఆయనా నవ్వేశాడు.

నవ్వనిది సుబ్బమ్మ గారొక్కతే. “నా మడి వంటిల్లు మైల చేసిందే ముదనష్టపు నక్క! దీనికా నేను నెయ్యి పోసింది!” అంటూ ఇత్తడి పళ్లెం, గరిట అందుకుని బయటికి ఉరికింది. పరుగెత్తవద్దు, ఎదురు నిలవండి, గట్టిగా మోగించండి అని నేను చెప్పినవన్నీ ఆమె ఎవరూ నేర్పకుండానే చేసింది. ఆమె వెనక గల్లీ అంతా డబ్బాలు కొడుతూ ఊరి బయటి మెట్ట చెలకల దాకా వెళ్లింది. ఆ మోత మధ్యలో ఎవరో హమాలీ పొరపాటున ఇంజను తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది! కోటయ్య ముఖం చూడాలి అప్పుడు.

మర్నాటినుంచి కోటయ్య నక్క కోసం ఎదురుచూడడం మానేశాడు. తెల్లవారగానే తల్లి చేత పెరట్లో పళ్లెం మోగించి ఇంజను తిప్పించేవాడు. ఒక మూఢనమ్మకం పోయి ఇంకొకటి వచ్చింది, కానీ కొత్తది నాకు కావలసిన పనే చేసిపెడుతోంది. శాస్త్రం చెప్పి దాన్ని చెడగొట్టేంత వెర్రివాణ్ణి కాను.

శుక్రవారం తెల్లవారుజామున తహసీల్దారు, నేను గల్లీలో నిలబడ్డాం. విషం పొట్లం నా జేబులో ఉంది. లింగవ్వ పటేలును మెడ దగ్గర పట్టుకుని నిలబడింది. పెరటి గోడ అవతల నక్క కనిపించింది. సుబ్బమ్మ గారు పళ్లెం ఎత్తి గరిటతో ఒక్కటిచ్చింది. పక్కింటి డబ్బా అందుకుంది, దాని పక్కది అందుకుంది. నక్క గోడ దాకా కూడా రాలేదు. వెనక్కి తిరిగి చెలకల్లో పడి పోయింది.

తహసీల్దారు నా జేబు వైపు వేలు చూపించాడు. “మందు బీరువాల పెట్టు సాబ్. తాళమెయ్యి,” అన్నాడు.

లింగవ్వ చెయ్యి వదిలింది. పటేలు నేరుగా వెళ్లి తహసీల్దారు మీద మొరిగింది. లింగవ్వ నవ్వుతూనే ఏడ్చింది. నాకు గల్లీ మధ్యలో గంతులేయాలనిపించింది, యాదగిరి చూస్తున్నాడని ఆగాను.

తర్వాత ఉద్యోగం విరమించేదాకా చాలా ఊళ్లనుంచి నక్కల ఫిర్యాదులు వచ్చాయి. తుపాకీ కావాలన్నవాళ్లున్నారు, విషం కావాలన్నవాళ్లున్నారు. అందరినీ మొదట ఒకటే అడిగేవాణ్ణి, “దానికి ఏం పెడుతున్నారు?” అని. ఏమీ పెట్టడం లేదనే అనేవాళ్లు. అప్పుడు ఒక పుల్ల తీసుకుని వాళ్ల పెరట్లోకి నడిచేవాణ్ణి.