అత్త ఎంచిన మెరుగు మిషను

పోయిన శుక్రవారం పొద్దున మా అత్త పోయింది. కబురు విని పెనుకొండ నుంచి ఆమె పుట్టింటివాళ్లు, ధర్మవరం నుంచి పాత గిరాకీవాళ్లు వచ్చారు. హిందూపురం బజారులో పాత్రల అంగళ్లు ఆ పూట తీయలేదు. ఆ అంగళ్లవాళ్లలో సగంమందితో ఆమెకు మాటలు లేవు. నోరు అలాంటిది మరి.

మామ పోయాక మా అంగడిని ఆమే నడిపింది. ఇత్తడి సామానుకు చింతపండు, ఇటుకపొడి పెట్టి చేత్తో మెరుగు పెట్టేవాళ్లం. వీధివీధికీ కరెంటు వస్తున్న రోజులవి. నేను కాపురానికొచ్చిన రెండో ఏడు ఎదురంగట్లో మెరుగు మిషను పెట్టారు. గిరాకీ అంతా అటు మళ్లింది. మేమూ ఒకటి కొనకపోతే అంగడి మూసుకోవడమే.

బెంగళూరు నుంచి ఒకాయన రెండు మిషన్లు తెచ్చాడు. పెద్దదానికి గట్టి చక్రం, మంచి జోరు. చిన్నదానికి మెత్తటి గుడ్డ పొరల చక్రం, నిదానంగా తిరిగేది. చూపించడానికి ఆయన ఎవరిదో బిందె అందుకోబోతే అత్త ఆపింది.

"ఊరోళ్ల సొత్తు పాడుచేసి నేర్చుకుంటామా? ఇదో, నా చెంబుకు పెట్టప్పా."

అది పుట్టింటి చెంబు. అంచు కింద ఆమె తల్లి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉండేది. పెద్ద మిషను మీద నిమిషంలో తళతళలాడింది. మా ఆయనా నేనూ "ఇదే తీసుకుందాం" అనేశాం. అత్త అంచు కింద వేలితో తడిమింది. మళ్లీ తడిమింది.

"మెరుపు బాగుండాది. మా యమ్మ యాడ?"

"పేరు మళ్లీ కొట్టించుకుంటే సరిపోతుందమ్మా" అన్నాడాయన.

"కొట్టించొచ్చులే. మా నాయన పక్కన కూర్చోని కొట్టించినాడు దాన్ని. ఆయన్ని యాడనుంచి తెస్తావు?"

నా తొందరకు నాకే సిగ్గేసింది. చిన్న మిషనుకు, పేరు కొట్టి ఉన్న నా పుట్టింటి చెంబు నేనే ఇచ్చాను. చాలాసేపు పట్టింది కానీ పేరు నిలిచింది. "ఇదే" అంది అత్త.

ఎదురంగడివాళ్లు నవ్వారు. మా ఆయన వారం రోజులు సణిగాడు. ఆమె మాత్రం నన్ను మిషను దగ్గర నిలబెట్టి, "అదమొద్దు మ్మే, ఆనించు సాలు" అని రోజూ పోరేది. ఈ రోజు నా చేతిలో ఉన్న పని ఆమె పెట్టిందే. ఏడాది తిరిగేసరికి పేర్లున్న పాత సామానంతా మా అంగడికే రాసాగింది.

ఒకసారి ధర్మవరం నుంచి ఒక అవ్వ వచ్చింది. తన పెళ్లినాటి బిందెకు మెరుగు పెట్టించి మనవరాలికి ఇవ్వాలట. పని అయ్యాక బిందెను అటూ ఇటూ తిప్పి, "నాకు సదువు రాదు తల్లీ. పేరు ఉండాదా?" అని బెరుగ్గా అడిగింది.

మా అత్తకూ చదువు రాదు. ఆమె ఆ అవ్వ వేలు పట్టుకుని మొదటి చుక్క మీద పెట్టింది. ఇద్దరి వేళ్లూ మెరిసే ఇత్తడి మీద చివరి చుక్క దాకా నెమ్మదిగా నడిచాయి.