పని నొక్కితే నీళ్ళు రావాలి

ఉద్యోగం ఇంకా పక్కా కాని ఆ రోజుల్లో, అద్దంలో నన్ను నేను చూసుకుని కూడా 'సర్' అనేటంత వినయంగా ఉండేవాణ్ణి. దేశ రాజధానిలో, కటవారియా సరాయ్‌లో కాబోయే కలెక్టర్లు చదువుకునే గదుల మధ్య జీతం వచ్చే గది నాదొక్కటే. ఆ జీతం నిలుస్తుందా లేదా అన్నది ఫరీదాబాద్‌లో నీళ్ళ ట్యాంకులు తయారుచేసే సేఠ్‌జీ చేతుల్లో ఉంది. "ఆయనకి మనం చేసిచ్చే వెబ్‌సైటు నచ్చితే పర్మనెంట్, లేకపోతే నమస్తే," అని మా టీమ్ లీడ్ దీదీ ముందే చెప్పేసింది.

సైటులో ఏ చిరునామా కొడితే ఏ పేజీ తెరుచుకోవాలో రాసుకునే వరసను రూటింగ్ అంటారు. ఫ్రేమ్‌వర్క్ అనే, సైటును నడిపే మహానుభావుడు ఆ వరసను పైనుంచి చదువుకుంటూ వచ్చి, సరిపోయిన మొదటి లైను దగ్గరే ఆగిపోతాడు. కింద ప్రాణాలు పోతున్నా తొంగిచూడడు. చిరునామాల్లో ఇంగ్లీషు వద్దు, 'అప్నీ భాషా' ఉండాలన్నది సేఠ్‌జీ కోరిక. ఉద్యోగాల పేజీ నా వంతుకొచ్చింది. అప్నీ భాషా అంటే మన భాష. మన భాష అంటే (ఇంకేముంటుంది?) తెలుగు. శాసనం చెక్కినంత నిష్ఠగా, అన్నిటికన్నా పైన 'పని' అని రాశాను. కింద దీదీ ట్యాంకుల పేజీకి 'పానీ' (హిందీలో నీళ్ళు) అని రాసుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ రెండూ 'pani' అనే కవలలని ఎవరం గమనించలేదు.

సేఠ్‌జీ వచ్చి, గంభీరంగా ట్యాంకు బొమ్మ నొక్కారు. "మీకు ఏ పని వచ్చు? పాత ఉద్యోగం ఎందుకు మానేశారు?" అని అడిగింది తెర. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ నొక్కారు. తెర మళ్ళీ అడిగింది.

"అరే భాయ్, మైనే పానీ మాంగా, నౌకరీ దే రహే హో!" అన్నారు సేఠ్‌జీ, నీళ్ళడిగితే ఉద్యోగమిస్తున్నారని.

"కిస్‌నే లిఖా?" అని రాసిందెవరో అడిగింది దీదీ, నావైపే చూస్తూ.

"మైనే, దీదీ. హమారే తెలుగు మే... పని మత్‌లబ్ కామ్."

"అచ్ఛా?" సేఠ్‌జీ కళ్ళజోడు సర్దుకున్నారు. "తో గలత్ క్యా హై? హమారే యహా పానీ లానా హీ సబ్‌సే బడా కామ్ హై!"

నీళ్ళు తెచ్చుకోవడమే అన్నిటికన్నా పెద్ద పని అయిన ఊరు నా ఉద్యోగాన్ని అలా కాపాడింది. ఆయన నవ్వితే దీదీ నవ్వింది, దీదీ నవ్వితే నేను పర్మనెంటయ్యాను. 'పని' చెరిపి 'కామ్' అని నా చేత్తోనే రాశాను.

మొన్న హైదరాబాదు నుంచి కొత్తగా చేరిన అమ్మాయి నా టేబుల్ దగ్గరికొచ్చి, "సర్, కొంచెం పని," అంది. నేను మంచినీళ్ళ సీసా అందించాను. నా తలలో వరస ఎప్పుడు మారి హిందీ పైకెక్కిందో నాకే తెలియదు. కిందికి జరిగిపోయిన నాలోని ఆ తెలుగు కుర్రాడి దాకా ఇప్పుడు ఏ పిలుపూ చేరదు. అప్పుడప్పుడు నేనే వెళ్ళి పలకరించి వస్తుంటాను.