పన్నెండోది

కంప్యూటర్ మెకానిక్ ఏ ఇంటికెళ్ళినా ముందు చేతులు కడుక్కుంటాడు, తర్వాత కీబోర్డు బోర్లించి దుమ్ము దులుపుతాడు. ఆ మధ్యాహ్నం ఓ ఇల్లాలి కంప్యూటర్లో మాటిమాటికీ ఎగిరొచ్చే ప్రకటనలనూ, వాటిని తెచ్చిపెట్టిన పదకొండు దొంగ ప్రోగ్రాములనూ పేలు ఏరినట్టు ఏరేశాడు. పన్నెండోది ఆమె కొట్టే ప్రతి అక్షరాన్నీ భర్త ఫోనుకు చేరవేస్తోంది. పోయినేడు ఆ భర్త అడిగితే దాన్ని పెట్టింది తనే. అది సవ్యంగా నడుస్తోందో లేదో చూసుకుని లేచాడు.

"ఇక ఎవరూ చూడరు కదా అన్నయ్యా? వచ్చేస్తున్నానని మా అక్కకు రాయాలి," అందామె గొంతు తగ్గించి.

"నిశ్చింతగా రాసుకో తల్లీ," అన్నాడు చెప్పులు తొడుక్కుంటూ.

గేటు దాకా వెళ్ళేసరికి వెనక టకటకా చప్పుడు మొదలైంది. కీబోర్డులో ఒక్క మీటా పట్టేయడం లేదని ఆ చప్పుడును బట్టే తెలిసి తృప్తిపడ్డాడు.