దిగుడు చూసి ఎక్కే మనిషి

“నీళ్లలో పడ్డ పసిపిల్ల అరవదు, తెలుసా? అరవాలంటే ఊపిరి కావాలి. నీళ్లలో ఊపిరెక్కడిది?”

ఈ మాట నేను నా భార్య కనకలక్ష్మితో అన్నప్పుడు ఆమె పాపకు అన్నం తినిపిస్తున్నది. ముద్ద పట్టుకున్న చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

“పొద్దున లేస్తే ఇవే మాటలు. మీకు మంచంల గూడ గొయ్యే కనపడ్తది” అన్నది.

పాప అప్పుడే నడక నేర్చింది. నేను సైన్సు చదివి, మూసాపేట దగ్గరి ఒక కార్ఖానాలో రసాయనాలు పరీక్షించే పని చేస్తున్నాను. ఏది దేనిలో కరుగుతుందో, ఎంత వేడికి మండుతుందో చెప్పగలను. నడక నేర్చిన పిల్ల మరు నిమిషంలో ఎటు పోతుందో మాత్రం చెప్పలేను. ఆ భయంలో ఉన్న రోజుల్లోనే మా ఇంటి యజమాని బాలనర్సయ్యను దగ్గరగా చూశాను.

అది 1949 వానాకాలం. మూసాపేటలో ఆయన ఇంట్లో సగం మాకు కిరాయికిచ్చి, మిగతా సగంలో ఆయనా, భార్య పోచమ్మా ఉండేవారు. పిల్లలు లేరు. మీసం రానప్పటి నుంచీ తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. అంతకు ముందటేడు చెట్టు మీది నుంచి పడ్డాడు. ఎడమ మోకాలు మళ్లీ వంగలేదు. కూర్చుంటే ఆ కాలు కర్రలాగా ముందుకు చాచుకుని ఉండేది. పాప దాన్ని దాటబోయి ప్రతిసారీ పడేది, ఆయన ప్రతిసారీ పట్టుకునేవాడు.

“ఎక్కేటప్పుడు పడ్డవా మామా?” అని ఒకసారి అడిగాను.

“ఎక్కేటప్పుడు ఎవడు పడ్తడు సారూ? అప్పుడు కండ్లు పైకి ఉంటయ్, రెక్కలల్ల బలముంటది. దిగేటప్పుడు కల్లు లొట్టి నిండుంటది, మనిషి ఖాళీ అయితడు. మా నాయిన చెట్టు మొదట్ల నిలబెట్టి అడుగుతుండె, యాడ కాలు వెట్టి దిగుతవో చెప్పినంకనే ఎక్కు అని. ఆ దినం వాన తరుముకొస్తుంటే నేను అది చూస్కోలే.”

చెట్టెక్కలేని గీత కార్మికుడికి మిగిలిన బతుకుదెరువు ఒక్కటే, కల్లు దుకాణం. ఏ ఊరి దుకాణం ఆ ఊరిదే. దసరా ముందర సర్కారు హర్రాజు వేస్తుంది, పాట ఎవరిదైతే ఏడాదంతా దుకాణం వాళ్లది. బాలనర్సయ్య ఒక్కడివల్ల అయ్యే పని కాదు. పోచమ్మ తమ్ముడు ఐలయ్య తోడు వస్తానన్నాడు. ఇక ఏ ఊరికి పాట పాడాలన్నదే తేలాలి. అది తేలకుండా హర్రాజు దాటిపోతే ఆ ఇంట్లో మరో ఏడాది పొయ్యి వెలిగే దారి లేదు. పోచమ్మ గోడ అవతల ఆ మాట రోజూ అంటుంటే మాకు వినపడేది.

ముందు రాయదుర్గం వెళ్లారు. సెలవు రోజు కావడంతో నేనూ వెంట వెళ్లాను. గుట్టలు, గుండ్లు, వాటి నడుమ కొన్ని గుడిసెలు. బాలనర్సయ్య దుకాణం ఉండబోయే చోట నిలబడలేదు. గుడిసెల దాకా కుంటుకుంటూ పోయి, మళ్లీ వచ్చి, “తొవ్వ మంచిగున్నది” అన్నాడు.

ఐలయ్య పక్కున నవ్వాడు. “తొవ్వ మంచిగనే ఉంది బావా, నడిచెటోడేడి? ఈ గుండ్లకు పోస్తవా కల్లు?”

“గుండ్లు ఉద్దెర అడగవు లేరా” అన్నాడు బాలనర్సయ్య. కానీ అక్కడ బతకలేమని ఆయనకూ తెలుసు.

ఐలయ్య మనసంతా బోరబండ మీదనే ఉంది. అక్కడ రాతి గనులు. పట్నంలో కట్టే ఇండ్లకు బండలు అక్కడి నుంచే పోతాయి. రాళ్లు కొట్టేవాళ్లు, బండ్లు తోలేవాళ్లు, రైలు పట్టాల పనివాళ్లు పొద్దుగూకే సరికి గొంతెండి ఉంటారు. అంతకు ముందటేడు భయంతో చీకటి పడకముందే తలుపులేసుకున్న జనం, పోలీసు చర్య తర్వాత ఇప్పుడిప్పుడే సాయంత్రాలు బయట కూర్చుంటున్నారు. “ఇగ జూడు, ఈ ఏడు గిరాకీ ఆగదు” అనేవాడు ఐలయ్య.

బోరబండలో నాకూ పనుంది. మా కార్ఖానావాళ్లు అక్కడ రెండు గదుల పక్కా ఇల్లు ఇస్తామన్నారు. కనకలక్ష్మి అప్పుడే గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టింది. అందుకని ముగ్గురం కలిసి రైలు కట్ట దాటి వెళ్లాం.

పాత దుకాణం మెరక మీద ఉంది. నాకిస్తామన్న ఇల్లు దాని పక్కనే. పనివాళ్ల గుడిసెలు కిందికి, పడమటి దిక్కున. బాలనర్సయ్య అక్కడ చేసిన పని చూసి ఐలయ్య కూడా నోరు తెరిచాడు. జన్మంతా కల్లు గీసినా గుక్కెడు మించి తాగని ఆయన, దుకాణంలో కూర్చుని సీసా తర్వాత సీసా తెప్పించుకున్నాడు.

“ఏంది బావా, పెండ్లికొడుకు లెక్క తాగుతున్నవ్?”

“తాగకుంట చూస్తే తాగనోని తొవ్వనే కనపడ్తది” అన్నాడు బాలనర్సయ్య. తర్వాత నా వైపు తిరిగాడు. “సారూ, ఇగ నేను గుడిసెల దాక పోత. నువ్వు నా ఎనక రా. మాట్లాడకు. పడేటట్టుంటెనే పట్టు.”

ఇది ప్రయోగమని నాకు అర్థమైంది. ప్రయోగంలో మనిషినే వాడటం మాత్రం నేను ఎక్కడా చదవలేదు.

పొద్దు గూకింది. ఆకాశం అంచున కొంచెం వెలుతురు మిగిలి ఉంది. రాతిపొడి రాలి బాట సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది. ఆయన వంగని కాలును ఈడ్చుకుంటూ పోతున్నాడు. దుకాణంలోని నవ్వులు వెనక్కి పోయాయి. ఒక పెద్ద బండ దగ్గర బాట ఎడమకు తిరిగి గుడిసెలకు పోతుంది. వచ్చేటప్పుడు పగటి వెలుతురులో ఆ మలుపు నేను చూశాను. ఆయనా చూశాడు. ఇప్పుడు ఆయన అటు తిరగలేదు.

బండ్లు తిరిగి తిరిగి పడ్డ చక్రాల జాడ నేరుగా ముందుకు పోతుంది. అదీ తెల్లగానే ఉంది. ఆయన దాని మీద నడుస్తున్నాడు. మాట్లాడకు అన్నాడు గనుక నేను మాట్లాడలేదు. ముందు ఇంకా బాట కనపడుతూనే ఉంది, ఇంకా తెల్లగా, నున్నగా. ఇంత నున్నటి బాట రాతిగని దగ్గర ఎలా ఉంటుంది అన్న ఆలోచన నాకు రావడమూ, ఒక చిన్న రాయి ఆయన కాలికి తగిలి ముందుకు దొర్లి, బుడుంగుమని చప్పుడు కావడమూ ఒక్కసారే జరిగాయి.

ఆయన భుజం పట్టి లాగాను. ఇద్దరం వెనక్కి పడ్డాం. ఆయన పాదం దగ్గరే నేల అయిపోయింది. అవతల పాత గని. వానలకు అంచుల దాకా నిండి, గాలి లేక కదలకుండా ఉంది. పడమటి ఆకాశం దాని మీద పరుచుకుని, బాటకు బాట అతికినట్టుంది.

లేచి కూర్చున్నాక చెప్పాను, నీటిని పక్క నుంచి ఏటవాలుగా చూస్తే వెలుతురును అద్దంలాగా తిప్పికొడుతుందని, అందుకే నేలలాగా కనపడిందని.

“అద్దం సంగతి నాకు తెల్వదు సారూ” అన్నాడు. మత్తు దిగిపోయిన గొంతు. “నాకు తొవ్వనే కనపడ్డది. మీ పోరి గూడ గిట్లనే నడుస్తది, చూసినవా? తెల్లగ యాడ కనపడితె ఆడికే.”

ఆ మాటతో పక్కా ఇల్లు నా మనసులోంచి పోయింది. పక్కా ఇంటి గడప నుంచి ఆ అంచు దాకా అడ్డమన్నది లేదు.

వెతుక్కుంటూ వచ్చిన ఐలయ్యతో బాలనర్సయ్య ఒకటే అడిగాడు. ఈ మలుపు దగ్గర గోడ పెడదాం, రాళ్లకేం కొదువ లేదు, అప్పుడు బోరబండకే పాడుదాం.

“గోడనా? మతి ఉన్నదా బావా? గోడ గడితె ఈడ ఏదో అయ్యిందనుకుంటరు. పీడ దుకాణమంటరు. ఎవడన్న అడుగు వెడ్తడా? ఇన్నేండ్లల్ల ఎవడు పడ్డడు చెప్పు?”

“ఇన్నేండ్లు ఈ గని ఎండి ఉండె గదరా. మొన్ననే గద ఇడిచిపెట్టిండ్రు, నీళ్లు ఇప్పుడొచ్చినయ్.”

“నువ్వొక్కసారి చెట్టు మీదికెల్లి పడ్డవ్. అప్పటిసంది నీకు లోకమంత దిగుడే!”

ఆ రాత్రి గోడ అవతల పోచమ్మ మొగుణ్ణి తిట్టలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది. “తమ్ముడు నీ తోడు లేకుంటె నీకెవలున్నరు?” అని మాత్రం అడిగింది.

చివరికి ఐలయ్య వేరే తోడు చూసుకుని బోరబండకు పాడాడు. బాలనర్సయ్య మూసాపేటకే పాడాడు. దుకాణాన్ని లారీలు తిరిగే పెద్ద రోడ్డు మీద పెట్టకుండా ఊరి కింద పల్లంలో, ఈత చెట్ల పక్కన పెట్టాడు. అక్కడి నుంచి ఇండ్లకు పోవాలంటే ఎత్తెక్కాలి. ఎత్తెక్కేవాడు తూలినా ముందుకే పడతాడు, చేతులు ఆనుతాయి, మోకాళ్లు గీరుకుంటాయి, అంతే. రోడ్డు అవతలి కార్ఖానా కూలీలు ఇంత పల్లానికి రారని ఆయనకు తెలుసు. వాళ్లు రాలేదు. పోచమ్మ కూరలో నూనె తగ్గించింది.

బోరబండ దుకాణం మాత్రం తీర్థంలాగా సాగింది. కార్తీకం గడిచింది. ఎవరూ పడలేదు. ఐలయ్య అక్క ఇంటికి వచ్చినప్పుడల్లా గడపలోంచే కేకేసేవాడు, “ఏం బావా, నీ గొయ్యి ఇంక ఎవల్ని మింగలేదా? దానికి ఆకలైతలేదా ఏంది?” బాలనర్సయ్య నవ్వేవాడు. ఆ నవ్వు నాకు బాగా అనిపించేది కాదు.

చలికాలం వచ్చాక పోచమ్మ ఒకరోజు నా దగ్గరకొచ్చింది. “సారూ, కూలీలకు పైసలిచ్చే దినాన మీ మామ దుకాణం జల్ది బంద్ జేస్తుండు. కందీలు వట్టుకొని యాడికో పోతుండు. అడిగితె చెప్పడు. నాకు పరేషానుంది, జర చూడుండ్రి.”

ఆ సాయంత్రం వెనకాలే వెళ్లాను. రైలు కట్ట దాటాడు. కుంటుతూ కుంటుతూ ఆ మలుపు దగ్గరికే చేరాడు. వెలుగుతున్న కందీలును గుడిసెల దారి పక్కన బండ మీద పెట్టాడు. తాను చక్రాల జాడకు అడ్డంగా, గనికి వీపు పెట్టి కూర్చున్నాడు. వంగని కాలు బాట మీదికి చాపుకున్నాడు.

తాగినవాళ్లు ఒక్కొక్కరే మెరక దిగి వస్తున్నారు. “ఏంది గౌడా, నీ కల్లు పులిసిందా, మా తొవ్వల గూసున్నవ్?” అని ఒకడు అరిచాడు.

“అవ్‌రా, నీ కోసమే దాపెట్టిన. గా దీపం కాడికి పో, పోస్త.”

వాడు దీపం దాకా పోయి, అక్కడేమీ లేక, నాలుగు తిట్లు తిట్టి గుడిసెల్లోకి పోయాడు. ఇంకొకడికి దీపం కనపడలేదు. తల వంచుకుని తెల్లటి జాడ వెంట నేరుగా వచ్చి, చాచిన కాలు తగిలి ఆయన మీదే పడ్డాడు. బాలనర్సయ్య పళ్లు బిగించి, వాణ్ణి లేపి, భుజాలు పట్టి వెలుతురు వైపు తిప్పాడు.

నేను పక్కన కూర్చున్నాను. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. వెనక నీళ్లు కనపడటం లేదు గాని, వాటి చల్లదనం వీపుకు తెలుస్తున్నది.

“ఎన్ని దినాలు మామా గిట్ల? ఐలయ్యతో గోడ కట్టించరాదా?”

“ఎవడన్న పడితె కడ్తడు. పడకుంట నేను ఆపుతున్న. గోడ లేవకుంట గూడ నేనే ఆపుతున్న సారూ.” కందీలు వైపు ఒకసారి చూశాడు. “మొన్న జ్వరమొచ్చి ఒక దినం రాలే. ఆ దినమంత చెవులు ఈడనే ఉన్నయ్. పడ్డోడు అరవడు అని నువ్వే అంటివి గద గోడ అవతల. అప్పటిసంది నాకు చప్పుడు లేకుంటె భయం.”

నా మాట ఆయన దాకా వెళ్లిందని నాకప్పటిదాకా తెలియదు. పాప సంగతి చెప్పాను. కార్ఖానావాళ్లు మరో ఇల్లు చూపిస్తున్నారని, ఏ ఇల్లు చూసినా భయమేస్తున్నదని, ఏం చూసి ఒప్పుకోవాలో తెలియడం లేదని.

ఆయన కాలు రెండు చేతులతో ఎత్తి కొంచెం పక్కకు జరుపుకున్నాడు. మెరక మీద మరో మనిషి నీడ కదిలింది. దాని మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

ఇప్పుడు ఏ కొత్త ఇంటికి పోయినా నేను ముందుగా లోపలి గదిలోకి పోతాను. పాప ఎత్తుకు మోకాళ్ల మీద కూర్చుంటాను. అక్కడి నుంచి గడప వైపు, వాకిలి వైపు, ఆ తర్వాత ఏముంటే దాని వైపు పాకుతూ పోతాను. ఇల్లు చూపించేవాళ్లు నవ్వుతారు. కనకలక్ష్మి మాత్రం నవ్వదు.

“లోపటికి పోయే తొవ్వ జూడకు సారూ” అన్నాడు ఆ రాత్రి బాలనర్సయ్య. “లోపట నిలబడి, బిడ్డ కండ్లతోని బయటికి నడువు. దిగుడు చూసినంకనే ఎక్కు.”